పొన్నచెట్టు కింద అరుగు

నవంబర్ 10, ఆదివారం

పొన్న విరగబూసింది. నేను ఈ ఊరికి కోడలిగా వచ్చిన దగ్గర్నుంచీ ఇంత పూత చూడలేదు. ఆకు కనపడకుండా తెల్లగా ఉంది. రేవు మెట్ల మీద, ఏరు దాటించే పంటు మీద, పంటు ఎక్కించిన మోటారు సైకిళ్ల సీట్ల మీద, ఎక్కడ చూసినా పూలే. కార్తీకమాసం కదా, ద్రాక్షారామం వెళ్లొచ్చే బస్సులన్నీ చెట్టు చూపించడానికి ఇటు తిప్పుతున్నారు. లాంచీ వాళ్లు మైకులో "సినిమాల్లో మీరు చూసే పొన్నరేవు ఇదేనండి" అని చెబుతుంటే మా వంటింట్లోకి వినపడుతోంది.

సాయంత్రం అరుగు మీద కూర్చుంటే ఒళ్లో పూలు పడ్డాయి. ఆయన చూస్తున్నారనిపించింది. పోయి రెండేళ్లు దాటింది. బతికినన్నాళ్లూ ఈ రేవులోనే పంటు నడిపారు, మధ్యాహ్నాలు ఈ చెట్టు కిందే పడుకున్నారు, చివరికి ఇక్కడే గుండె పట్టుకుని కూలబడ్డారు. మనిషి పోతే వాళ్ల పేరున ఏదో ఒకటి కట్టించడం మా వైపు మామూలు. బస్‌షెల్టర్లో బల్లో, గుడి దగ్గర కుళాయో. నేను చెట్టు మొదలు చుట్టూ అరుగు కట్టించాను. మోకాలెత్తున మట్టి నింపించి, సిమెంటు పోయించి, పైన టైల్స్ వేయించాను. రాతి పలక మీద "కీ.శే. పల్లంరాజు జ్ఞాపకార్థం" అని చెక్కించాను. ఊరంతా మెచ్చుకున్నారు.

పెళ్లికి ముందు ఫొటోలు తీయించుకునే జంట ఒకటి వచ్చింది. ఫొటోగ్రాఫర్ "ఆంటీ, ఫ్రేములోకి వస్తున్నారండి, కొంచెం లేస్తారా" అన్నాడు. లేవలేదు. వాళ్ల ఆల్బమ్‌లో ఏదో ఒక మూల నేనుంటాను, మొహం మాడ్చుకుని.

నవంబర్ 19

ఊడ్చే కొద్దీ రాలుతున్నాయి.

నవంబర్ 27

చెట్టుకి ఎర్ర పెయింటుతో గుర్తు పెట్టారు. ఏటిగట్టు వెడల్పు చేస్తారట, ఎత్తు పెంచుతారట, గుర్తు పడిన చెట్లన్నీ పోతాయట. వరదకి గట్టు జారిన మాట నిజమే, కాదనను. కానీ పొన్నని కొట్టేయడమేంటి? పొన్న లేకపోతే ఇది పొన్నరేవు ఎలా అవుతుంది?

మా మరిది త్రిమూర్తులు వచ్చాడు. ఇన్నాళ్లూ బోట్ల సంఘానికి ప్రెసిడెంటు, ఇప్పుడు చెట్టు కమిటీకి కూడా. వెంట రాజమండ్రి నుంచి ఒక లెక్చరర్‌ని తీసుకొచ్చాడు, పేరు ఉదయభాస్కర్. పాత చెట్లని కాపాడే సంఘం నడుపుతున్నాడట. చెట్టు బాగుందని ఫారెస్టు వాళ్లు రిపోర్టు ఇస్తే దీన్ని వారసత్వ చెట్టుగా గుర్తించి, గట్టుని పక్కకి జరిపి కడతారు. చచ్చుబడిందని రాస్తే రంపం వస్తుంది. సంగతి అంతే. నాకు అర్థమయ్యేలా చెప్పాడు, పిల్లలకి పాఠం బాగా చెబుతాడనుకుంటాను.

కాఫీ తాగాక అరుగు చూడ్డానికి వెళ్లాం. చెప్పుతో టైల్స్ మీద తట్టాడు. మొదలు చుట్టూ తిరిగి, సిమెంటు చెట్టుకి ఆనుకున్న చోట వేలు పెట్టి చూశాడు.

"ఇది ఎప్పుడు కట్టారండి?"

త్రిమూర్తులుకి దగ్గొచ్చింది. చాలాసేపు దగ్గాడు. ఈలోగా ఉదయభాస్కర్ రాతి పలక చదివాడు, నా వైపు చూశాడు.

"చాలా బాగా కట్టించారండి," అన్నాడు.

ఏదో అనబోయి మింగేశాడు. ఏంటని అడిగితే చెప్పేవాడే. అడగలేదు. అడక్కపోవడానికి పెద్ద కారణమేం లేదు. అంగన్‌వాడీ యాప్‌లో పిల్లల ఫొటోలు ఎక్కించాలి, సిగ్నల్ ఉన్నప్పుడే ఆ పని అవుతుంది.

డిసెంబర్ 5

పండుటాకులు రాలుతున్నాయి. ఈ ఏడు చలి ఎక్కువ.

డిసెంబర్ 8

పొన్నకి ఆకు రాల్చే కాలమంటూ లేదు. ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటుంది. సెంటర్లో పిల్లలకి ఆ సంగతి చెప్పేది నేనే. అయినా ఈ ఏడు చలి ఎక్కువే.

డిసెంబర్ 16

త్రిమూర్తులు పండుగప్ప తెచ్చాడు. ఇంట్లో ఉన్నది నేనూ మా అత్తా, ఇద్దరం. అంత చేప మాకెందుకు? గుమ్మంలోనే నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"వదినగారూ, చెట్టుకి ఊపిరాడతం లేదంటున్నారండి."

"ఎవరంటున్నారు?"

"అనుకుంటున్నారండి, అందరూను."

"చెట్టుకి ఊపిరాడకపోవడమేంటి త్రిమూర్తులూ. గోదారి మీద గాలంతా ముందు దానికే కదా తగిలేది."

"ఆయ్. అదీ నిజమేనండి."

చేప నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. వీధి మలుపు దాకా వెళ్లి ఒకసారి వెనక్కి చూశాడు. వాళ్లన్నయ్య ముందు కూడా ఇలాగే నసిగేవాడు. చిన్నప్పట్నుంచీ అంతేనట.

డిసెంబర్ 31

జంగారెడ్డిగూడెం నుంచి మా అమ్మాయి సాయిదుర్గ వీడియో కాల్ చేసింది. చెట్టు చూపించమంది. నేను అరుగు మీదే ఉన్నాను కాబట్టి ఫోను పైకి తిప్పి చూపించాను.

"అమ్మా, కొమ్మల చివర్లన్నీ బోడిగా ఉన్నాయేంటే?"

"చలికి."

"బాబాయి నీతో ఏమైనా చెప్పాడా?"

"చేప ఇచ్చాడు."

"సరేలే, కాళ్లనొప్పులు ఎలా ఉన్నాయి" అంది. బానే ఉన్నాయన్నాను. ఫోను పెట్టేసే ముందు "నాన్న పేరు ఎక్కడున్నా నాన్న పేరే కదమ్మా" అంది. ఎందుకందో తెలియదు. తెలుసు. తెలియదనే రాసుకుంటాను, ఇది నా డైరీ.

జనవరి 9

ఫారెస్టు ఆఫీసరు వచ్చింది. లావణ్య అని, మా సాయిదుర్గ ఈడు ఉంటుంది. మొదలు మీద సుత్తితో చిన్నగా కొట్టి చెవి పెట్టి వింది. బెరడు గీకి చూసింది. ఫొటోలు తీసింది. మళ్లీ ఎండాకాలం మొదట్లో వచ్చి చూసి అప్పుడు రిపోర్టు రాస్తానంది. ఈలోగా చెట్టుని కోలుకునేలా చేయగలిగితే చేయండంది. "వేళ్లకి గాలి తగలాలండి," అని కమిటీలో ఒక్కొక్కరి మొహం చూస్తూ చెప్పింది. నా మొహం ఒక్కటే చూడలేదు. డ్యూటీలో చేరి ఏడాది కాలేదట, అప్పుడే మన వాళ్ల మర్యాదలన్నీ వంటబట్టాయి.

అప్పట్నుంచీ కమిటీ వాళ్ల హడావుడి చూడాలి. కొమ్మలకి తెగులు పట్టకుండా బోర్డో ముద్ద పూశారు. పైపు తెచ్చి ఆకులు కడిగారు. అరుగుకి బాగా ఎడంగా గోతులు తవ్వి చివికిన ఎరువు వేశారు. ఆడవాళ్లు పాలు పోశారు. ఎవరో చుట్టూ రిబ్బన్ కట్టారు. అన్నీ చేస్తున్నారు. అరుగు అంచు దాకా వచ్చి మాత్రం ఆగిపోతున్నారు, అక్కడ చెప్పులు విప్పాలన్నట్టు.

నేనూ సాయంత్రం అత్తతో కలిసి మామూలుగానే కూర్చున్నాను. అత్త పేరు అచ్చాయమ్మ, పెద్ద వయసు. నడుం వంగింది కానీ నోరు వంగలేదు. ఊళ్లో ఎవరినైనా మొహం మీదే అనేస్తుంది. అరుగు మీద మాత్రం మాట్లాడదు. గోదారి వైపు తిరిగి కూర్చుంటుంది, పలకకి వీపు పెట్టి.

జనవరి 17

పండగలయ్యాయి. రాయడానికేం లేదు.

జనవరి 24

ఏటివైపు కొమ్మల్లో ఒకటి విరిగిపడింది. పంటు అప్పుడే జనాన్ని దింపింది. దేవుడి దయ, ఎవరికీ తగల్లేదు. కొమ్మ లోపల పుచ్చిపోయి ఉంది, చేత్తో నలిపితే పొడి. ఇరిగేషన్ ఇంజనీరు వచ్చి చూసి, "ఇంకేం రిపోర్టండి, జనం మీద పడేదాకా ఉంచుతారా" అన్నాడు. ఆయన మాటలోనూ తప్పు లేదు. ఉదయభాస్కర్ బతిమాలి, ఫారెస్టు రిపోర్టు వచ్చేదాకా ఆపమని ఒప్పించాడు.

విరిగిన కొమ్మ మీద కూడా కాయలు గుత్తులుగా ఉన్నాయి.

జనవరి 27

మీటింగుకని అవతలి ఒడ్డుకి వెళ్లి మధ్యాహ్నం పంటు మీద తిరిగొచ్చాను. ఎండగా ఉందని గడ్డి వేసుకొచ్చిన ట్రాక్టరు నీడన నిలబడ్డాను. ట్రాక్టరుకి అటువైపు ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. ఒకతను మా ఊరి అమ్మిరాజే, పంటు తాడు పట్టేవాడు.

"మొన్న కార్తీకంలో అంత పూసింది కదండి," అంటున్నాడు రెండో మనిషి.

"చచ్చే ముందు అలాగే పూత్తాదంటండి. ఉన్నదంతా ఊడ్చి గింజల్లో పెట్టేత్తాదంట. ఆ లెక్చరరుగారు చెప్పేరు."

"ఏంటి దానికి జబ్బు?"

"జబ్బేం లేదండి. ఆ అరుగు. మెడ దాకా మట్టి కప్పి పైన సిమెంటు పోత్తే ఎలా బతుకుద్దండి ఏదైనా? నీళ్లు దిగవు, గాలి దిగదు. మొదలు కుళ్లిపోతంది."

"మరి తీయించెయ్యొచ్చు కదండీ."

"రాజన్న పేరున కట్టిన అరుగండి. ఆవిడ రోజూ వచ్చి కూచుంటారు. ఆవిడకి ఎవరు చెప్తారు?"

పంటు ఒడ్డుకి తగిలేదాకా కదల్లేదు. దిగేటప్పుడు అమ్మిరాజు నన్ను చూశాడు. మొహం పాలిపోయింది. "జాగ్రత్తండి, మెట్టు జారుద్ది," అని చెయ్యి అందించాడు. అందుకున్నాను. నాకేం వినపడలేదని అతననుకోవాలి, నేనేం వినలేదని నేననుకోవాలి. అలా అనుకుంటూ ఇంటికొచ్చాను.

విన్నది కొత్త సంగతేం కాదు. కొత్తది కాదని రాసుకోవడమే కొత్త.

ఫిబ్రవరి 1

తీయించడానికి నాకేం అభ్యంతరం లేదు. అత్త ఒప్పుకోదు. కన్నకొడుకు పేరున్న అరుగు. ముసల్దానికి ఆ కాస్త ఆసరా కూడా లేకుండా చేయమంటే ఎలా?

ఫిబ్రవరి 4

అత్త ఒప్పుకోదు.

ఫిబ్రవరి 12

నేనే త్రిమూర్తులుని పిలిపించాను. ఈసారి కూర్చోబెట్టాను. సూటిగా అడిగాను, అరుగు వల్లేనా అని. పెరట్లో కొబ్బరిచెట్టు వైపు చూస్తూ కూర్చున్నాడు.

"మీకెలా చెప్పమంటారండి."

"నోటితో చెప్పొచ్చుగా."

"కమిటీలో మాటాడుకున్నామండి. లెక్చరరుగారు మొదటిరోజే చెప్పేరు. డిసెంబరు దాటకుండా తీసేత్తే చెట్టంతా దక్కుద్ది, ఆలస్యం అయ్యేకొద్దీ చెప్పలేమన్నారు. ఎవరు చెప్పాలి మీకు? నేను చెప్పలేనంటే నేను చెప్పలేనన్నారండి అందరూ. ఆఖరికి చీటీలేశాం."

"చీటీలా?"

"ఆయ్. నా పేరొచ్చింది. చెబుదామనే వచ్చేనండి. వట్టి చేతుల్తో రాలేక చేప పట్టుకొచ్చేను. మిమ్మల్ని చూసేక నోరు పెగల్లేదు. ఇచ్చేసి ఎల్లిపోయేను."

నవ్వొచ్చింది. నిజంగానే నవ్వాను, ఎన్నాళ్ల తర్వాతో. అంతమంది మగాళ్లు, గోదారి వరదలో నాటుపడవ వేసుకుని వెళ్లే మగాళ్లు, ఒక అంగన్‌వాడీ టీచరుకి ఒక్క మాట చెప్పలేక చీటీలు వేసుకున్నారు. నేను నవ్వుతుంటే త్రిమూర్తులు కళ్లు తుడుచుకున్నాడు. అప్పుడు నా నవ్వు ఆగిపోయింది.

డిసెంబరు దాటి చాలా రోజులైంది. వాళ్లు నోరు విప్పలేదు, నేను చెవి ఒగ్గలేదు. ఎవరిది ఎక్కువో తేల్చుకునే ఓపిక నాకు లేదు. అలిసిపోయాను. పొద్దున లేవడం దగ్గర్నుంచి అలుపే.

"అత్తనొక మాట అడగాలి," అన్నాను. "మీ ఇట్టమండి," అన్నాడు.

ఫిబ్రవరి 15

అడగలేదు. అత్తకి జలుబు.

ఫిబ్రవరి 18

అత్తకి జలుబు తగ్గింది. సెంటర్లో ఇన్‌స్పెక్షన్.

ఫిబ్రవరి 22

అడుగుదామని కూర్చుంటే ఆవిడ రొయ్యలు వలుస్తోంది. చేతిలో పనున్నప్పుడు ఎందుకని ఊరుకున్నాను.

ఫిబ్రవరి 26

అడిగాను.

శివరాత్రి, ఉపవాసం. ఇద్దరం అరుగు మీదే ఉన్నాం. సాయంత్రం రేవులో స్నానాల వాళ్లు పల్చబడ్డారు. పైన చూస్తే ఆకుల మధ్య నుంచి ఆకాశం చాలా కనపడుతోంది, ఈ చెట్టు కింద ఎప్పుడూ అంత ఆకాశం కనపడేది కాదు.

"అత్తా, ఈ అరుగు తీసేయాలంటున్నారు. లేకపోతే చెట్టు చచ్చిపోద్దంట. నువ్వేమంటావు?"

ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. తిడితే బావుండునని కూడా అనుకున్నాను. నా కొడుకుని మళ్లీ చంపుతారా అంటే, చూశారా, ఆవిడ ఒప్పుకోవట్లేదు అని కమిటీ వాళ్లకి చెప్పొచ్చు.

"ఇప్పటికైనా అడిగేవ్," అంది.

"అంటే?"

"తీయించెయ్. నాకు మొదట్నుంచీ ఇట్టం లేదిది. ఆడు బతికున్నప్పుడు ఈ చెట్టుకి మేకు కొట్టనిచ్చేవాడా? ఎలక్షన్లప్పుడు బేనరు కట్టబోతే పోట్లాటకెల్లేడు. అలాంటోడి పేరు చెప్పి చెట్టు పీకకి సిమెంటు పోయించేవ్. ఆ రోజే అనుకున్నాను, ఇదేం పనే అని."

"మరి ఆ రోజే చెప్పొచ్చుగా అత్తా. ఊళ్లో అందర్నీ అంటావు. నన్నెందుకు అనలేదు?"

ఆవిడ చీర కొంగు మడతలు సరిచేసుకుంది.

"ఆడు పోయాక నువ్వు ఇంట్లో ఒక్క రోజు ఏడవలేదు కుమారీ. రాయిలా తిరిగేవ్. ఇది కట్టేక ఇక్కడికొచ్చి ఏడిసేవ్. మనిషి ఏడుత్తాకి చోటు దొరికింది కదా అని ఊరుకున్నాను. దాన్ని ఎలా తీసెయ్యమంటాను?"

నాకు ఒళ్లు మండిపోయింది. రోజూ నా పక్కనే కూర్చుంది. నాకోసం. నేను ఆవిడ కోసం కూర్చున్నాననుకున్నాను. ఇద్దరం ఒకళ్ల కోసం ఒకళ్లం కూర్చుని మధ్యలో చెట్టుని పెట్టి చంపాం. లేచి ఇంటికొచ్చేశాను. ఆవిడ ఒక్కతే కర్ర పొడుచుకుంటూ వచ్చింది. పలకరించలేదు. కోపంగానే పడుకుంటాను.

మార్చి 2

తీసేశారు.

త్రిమూర్తులు గునపం తెచ్చి నా ముందు పెట్టాడు. "మొదటి దెబ్బ మీ చేత్తో ఏత్తారా అండి." ఇదేమైనా శంకుస్థాపనా? నా వల్ల కాదన్నాను. అతనూ కొట్టలేకపోయాడు, సొంత అన్నయ్య పేరాయె. అమ్మిరాజు గునపం ఎత్తి దించేశాడు. ఉదయభాస్కర్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎండ ఎక్కుతోంది, అందరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటున్నారు. ఇంక మళ్లీ చీటీలు వేస్తారేమో అనుకున్నాను.

అత్త వచ్చి గునపం అందుకుంది. ఎత్తలేక ఈడ్చింది. అరుగు మూల మీద వదిలింది. ఒక టైలు చిన్న ముక్క లేచింది, అంతే.

"కొట్టండర్రా. నా కొడుకేం అనుకోడు."

అప్పుడు కొట్టారు. ముందు రాతి పలక ఊడదీసి మా ఇంటికి మోసుకెళ్లి గోడకి ఆనించారు. తర్వాత టైల్స్, సిమెంటు. సిమెంటు లేచేసరికి పుల్లటి వాసన. లోపల మట్టి నల్లగా, మురుగులా ఉంది. తీసే కొద్దీ వేళ్లు కనపడ్డాయి. సన్నటి వేళ్లు కిందికి పోవడం మానేసి పైకి పాకాయి, సిమెంటు అడుగున గాలి కోసం వెతుక్కుంటూ వలలా అల్లుకున్నాయి. ఏటివైపు మొదలు బెరడు చేత్తో పట్టుకుంటే ఊడొచ్చింది. గట్టు వైపు గీకితే లోపల ఇంకా తడిగా, ఎర్రగా ఉంది.

లావణ్య మోకాళ్ల మీద కూర్చుని కుళ్లిందంతా చాకుతో గీకింది, మందు పూసింది. నేను చూస్తూ నిలబడ్డాను. ఎవరూ నన్ను ఇంటికి వెళ్లమనలేదు.

మార్చి 9

అత్త ఆ రాతి పలకని పెరట్లో పడుకోబెట్టి దాని మీద చేపలు ఎండబెడుతోంది. ఎండకి బాగా కాలుతుందట, త్వరగా ఎండుతాయట. చూసి కెవ్వుమన్నాను. "ఆడికి ఎండుచేపలంటే పేనం కదే," అంది. మళ్లీ మాట్లాడుకుంటున్నాం, అంతవరకు నయం.

మార్చి 21

ఈ మధ్య సాయంత్రాలు ఏం చేయాలో తెలియడం లేదు.

ఏప్రిల్ 11

గట్టు వైపు చిగురు వేసింది. ఎర్రగా, వేలి గోరంత. త్రిమూర్తులు పరిగెత్తుకొచ్చి చెప్పాడు. ఏటివైపు ఏమీ లేదు.

ఏప్రిల్ 29

రిపోర్టు వచ్చింది. చెట్టు ఉంటుంది, గట్టు పక్కకి జరుగుతుంది. కానీ ఏటివైపు సగం చచ్చిపోయింది. రేవు మీదకి వాలి ఉంది కాబట్టి వరదల్లోపు దాన్ని తీసేయాలని రాసింది లావణ్య. ఏటి మీదకి వాలిన కొమ్మ, లాంచీ వాళ్లు ఫొటోలు తీయించే కొమ్మ, సినిమాల్లో ఉన్న కొమ్మ, అదంతా ఆ సగమే. మిగిలేది గట్టు వైపు చెట్టు. దాన్నెవరూ ఫొటో తీయరు.

"సగమైనా దక్కింది, చాలా మంచి వార్తండి," అన్నాడు ఉదయభాస్కర్ ఫోనులో. అవునండి అన్నాను.

మే 14

ఇవాళ కోశారు. పొద్దున్నే క్రేను వచ్చింది. పంటు ఆపేశారు. రెండు ఒడ్ల మీదా జనం. రంపం మొదలుపెట్టిన దగ్గర్నుంచి చివరిదాకా నిలబడే చూశాను. పెద్ద కొమ్మకి తాళ్లు కట్టి మెల్లగా దించారు. అది దిగిపోయాక ఏటిమీద అంత మేర ఖాళీ అయిపోయింది, అవతలి ఒడ్డు చటుక్కున దగ్గరికొచ్చినట్టుంది.

ఉదయభాస్కర్ దగ్గరికి వెళ్లాను. "అరుగు ముందే తీయించి ఉంటే" అని ఆయన అంటాడని వెళ్లాను. నేనే అడిగాను.

"డిసెంబర్లో తీసి ఉంటే ఇదంతా ఉండేది కదండి? నేను ఆలస్యం చేయడం వల్లే కదా?"

"అబ్బే, అలా ఏం లేదండి. పాత చెట్టు కదా, ఏదైనా జరగొచ్చు. మీరేం మనసులో పెట్టుకోకండి."

లావణ్యని అడిగాను. "కచ్చితంగా చెప్పలేమండి," అంది, నా చెయ్యి పట్టుకుంది. త్రిమూర్తులుని అడిగాను. "మీ వల్లేంటి వదినగారూ. ఊరుకోండి, ఎవరైనా ఇంటే బావుండదు." అమ్మిరాజుని అడగబోతే, నేను అడక్కుండానే "మీ వల్ల కాదండి టీచరుగారూ" అన్నాడు. ఊరి మర్యాద నా చుట్టూ ఎంత మెత్తగా కప్పారో, నాకే ఊపిరాడలేదు. అక్కడ ఇంక నిలబడలేకపోయాను.

ఇంటికొచ్చేసరికి అత్త అన్నం వార్చి కూర్చుంది. కంచం పెట్టింది. కూర్చున్నాను కానీ చెయ్యి పెట్టలేదు.

"అయిపోయిందా?" అంది.

"అయిపోయింది. సగం పోయింది. అత్తా, నిజం చెప్పు. నా వల్లే కదా?"

ఆవిడ ఆలోచించలేదు.

"నీ వల్లే. మరి ఇంకెవరి వల్ల? అరుగు కట్టించేవ్, ఊళ్లో అందరికీ తెలిసినా నీ చెవికెక్కించుకోలేదు. చూసి చూసి నోరు మూసుకు కూచున్నాను కాబట్టి నా వల్ల కూడాను. సగం మనం చంపేం, సగం బతికింది. ఆడుంటే ఇద్దర్నీ తిట్టేవాడు."

"బాగా తిట్టేవారు."

"వారం రోజులు మాటాడేవాడు కాదు. చల్లారిపోతంది, తిను."

ఏడుపొచ్చింది. ఇంట్లో, కంచం ముందు, గట్టిగా ఏడ్చాను. ఆవిడ ఊరుకోమనలేదు. చారు పోసి, నా ఏడుపు అయ్యేదాకా ఈగలు వాలకుండా కంచం మీద చెయ్యి ఆడిస్తూ కూర్చుంది.

తర్వాత తిన్నాను. ఇంకొంచెం పెట్టమని అడిగాను.